అరపౌండు వదులు

ఉదయం ఏడు కాకముందే ముందుగదిలో గట్టింగ్ మిషను పని మొదలుపెట్టింది. పిడి తిప్పితే రాకెట్‌లో అల్లే గట్ తీగ సాగుతుంది, కావలసినంత బిగువు రాగానే లోపల టక్కున ఆగుతుంది. ఆ చప్పుడు వినపడిందంటే అమ్మ లేచిందని అర్థం. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో అంతే. వినపడలేదంటే ఆవిడకి జ్వరమైనా వచ్చి ఉండాలి, నాన్నతో మాటలైనా మానేసి ఉండాలి.

ముందుగది అంటే పేరుకే గది. మిషను, గోడకి వరసగా వేలాడే రాకెట్లు, గట్ చుట్టలు దాచుకునే పాత బిస్కెట్ డబ్బాలు, వీధివైపు ఒక పెద్ద కిటికీ. చుట్టుపక్కల నాలుగు క్లబ్బుల వాళ్ళూ ఆ కిటికీ దగ్గరే రాకెట్లు ఇచ్చి, అక్కడే తీసుకుపోతారు. "కొంచెం గట్టిగా బిగించండి మేడమ్" అని ఎవరైనా అంటే ఆవిడ ముందు వాళ్ళ మణికట్టు వంక చూసేది. "నీకంత అక్కర్లేదు నాయనా" అని తనకు తోచినంతే బిగించి ఇచ్చేది. వాళ్ళూ కిక్కురుమనకుండా తీసుకుపోయేవాళ్ళు. ఆవిడ జన్మలో ఎన్నడూ కోర్టులో అడుగుపెట్టి ఆడింది లేదు. కానీ పాత గట్ ఎక్కడ అరిగిందో, ఎక్కడ తెగిందో చూసి ఆ మనిషి ఎలా కొడతాడో, ఎక్కడ బద్ధకిస్తాడో చెప్పేసేది. ఆ విషయంలో ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది. ఉండటంలో తప్పేమీ లేదు, ఆ రోజు దాకా.

నాన్న లిఫ్ట్ మెకానిక్. గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"నీ కూతురు లేచిందా?"

"ప్రయాణం చేసి వచ్చిన మనిషి. పడుకోనివ్వండి."

"ఓడిపోయి వస్తే నిద్ర బాగా పడుతుందేమో. గెలిచి వచ్చినప్పుడు మనల్ని కూడా పడుకోనిచ్చేది కాదు."

"ఆ మాట దాని ముందు అన్నారంటే మీకు సాయంత్రం కాఫీ ఉండదు, ముందే చెబుతున్నా."

"నేనేమన్నానే! ఈసారి కూడా టీవీకి వీపు పెట్టే కూర్చున్నాగా."

కూతురి మ్యాచ్ వస్తే ఆయన టీవీ వైపు తిరిగి కూర్చోడు. తను చూస్తే ఓడిపోతుందని ఒక పిచ్చి నమ్మకం. స్కోరు భార్య చెప్పాలి. ఈ ఏడాదిగా ఆయన వీపు పెట్టినా, దుప్పటి కప్పుకున్నా ఓటమి మాత్రం ఆగడం లేదు.

వాళ్ళమ్మాయి ఆడేది బ్యాడ్మింటన్ డబుల్స్. పదిహేనేళ్ళ వయసు నుంచి అదే బడి, అదే ఉద్యోగం. ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ కాబట్టి అందరూ పొడుగు అనే పిలుస్తారు. ఆమె పక్కన తొమ్మిదేళ్ళు ఆడిన అమ్మాయి సరిగ్గా ఈమె భుజం దాకా వస్తుంది, అందుకని ఆ పిల్ల బుడ్డి అయింది. పొడుగు వెనక నిలబడి స్మాష్‌లు కొడితే, బుడ్డి నెట్ దగ్గర కాచుకుని ఉండి తిరిగొచ్చినవాటి పని పట్టేది. ఇద్దరూ కలిసి ప్రపంచంలో పద్నాలుగో స్థానం దాకా ఎగబాకారు. బుడ్డికి ఈ ఇంట్లో ఒక కంచం, ఒక దుప్పటి, అమ్మని పిన్నీ అని పిలిచే చనువూ ఉండేవి.

నాలుగు నెలల కిందట అన్నీ పోయాయి. అంతకుముందు చాలాకాలంగా పొడుగు కొట్టినవి వెనక గీత దాటి అవుట్ అవుతున్నాయి. జానెడు, బెత్తెడు, ఒక్కోసారి వేలి మందం. ఎందుకో ఆమెకే అంతుపట్టలేదు. అదే సమయంలో బుడ్డి నెట్ దగ్గర నిలకడగా ఉండకుండా మాటిమాటికీ వెనక్కి వచ్చి, పొడుగు కొట్టాల్సినవి తను కొట్టడం మొదలుపెట్టింది. ఒక క్వార్టర్ ఫైనల్ ఓడిపోయిన రోజు స్టేడియం వరండాలో, జట్టంతా చూస్తుండగా, కోచ్ ఎదురుగా పొడుగు నోరు పారేసుకుంది. "నువ్వు నా కోర్టులోకి దూరడం వల్లే నేను తొందరపడి కొడుతున్నా. అందుకే అవుట్ అవుతున్నాయి. నా మీద నమ్మకం లేకపోతే ఇంకొకళ్ళని చూసుకో" అంది. బుడ్డి ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. కిట్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. కోచ్ పొడుగు మాటే నమ్మి బుడ్డిని జట్టు శిక్షణ క్యాంపు నుంచి తప్పించాడు. పొడుగుకి పంతొమ్మిదేళ్ళ కొత్త పిల్లని జోడీగా ఇచ్చాడు. ఆ జోడీ ఆడిన రెండు టోర్నీల్లోనూ మొదటి రౌండే చివరి రౌండయింది.

ఇరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఇక మిగిలిన ఆశ ఒక్కటే. జట్ల చాంపియన్‌షిప్. అది నాలుగేళ్ళకోసారి గానీ రాదు. దానికి పేర్లు పంపాల్సిన ఆఖరి గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు. జాబితాలో పొడుగు పేరు ఉంది. బుడ్డి పేరు లేదు.

మిషను చప్పుడు రెండోసారి ఆగినప్పుడు పొడుగు ముందుగదిలోకి వచ్చింది. నిద్రపోయిన కళ్ళు కావవి. చేతిలో రెండు రాకెట్లు ఉన్నాయి.

"అమ్మా, నా రాకెట్లు ఎన్ని పౌండ్లకి బిగిస్తున్నావు?"

"అదేం ప్రశ్నే పొద్దున్నే? ఇరవై ఏడు. ఎప్పుడూ అంతేగా. ముందు మొహం కడుక్కో, కాఫీ..."

"కాఫీ తర్వాత. ఇది నువ్వు బిగించింది. ఇది అక్కడ టోర్నీలో గట్టింగ్ చేసే అతను బిగించింది."

అమ్మ చేయి పిడి మీదే ఆగిపోయింది. కూతురు ఏ దేశం వెళ్ళినా తను బిగించిన ఎనిమిది రాకెట్లు మోసుకుపోతుందే తప్ప పరాయివాళ్ళ చేత గట్టింగ్ చేయించదు. అది వాళ్ళిద్దరి మధ్య చిన్నప్పటి నుంచి ఉన్న పట్టింపు.

"అతని దగ్గరికెందుకు వెళ్ళావు?"

"ఒక బ్యాగు విమానంలో రాలేదు. చేతిలో రెండే ఉన్నాయి, ప్రాక్టీసులో ఒకటి తెగింది. ఇది ఎన్ని పౌండ్లని అడిగాడు. ఇరవై ఏడు, అలాగే వేయమన్నా. తెగని రెండో రాకెట్‌ని బిగువు కొలిచే తన మీటరు మీద పెట్టి చూసి నవ్వాడమ్మా. ఇది ఇరవై మూడు కూడా లేదు, ఎవరు బిగించారు అన్నాడు. మా అమ్మ అని చెప్పాను. నీ మీటరే చెడిపోయిందని కూడా అన్నాను." ఆమె రెండు రాకెట్లూ మిషను పక్కన పడేసింది. "నీ కోసం పరాయి ఊళ్ళో ఒక మనిషితో పోట్లాడి వచ్చాను."

"గట్ నాలుగు రోజులుంటే దానంతటదే సాగుతుంది..."

"అర పౌండు సాగుతుంది, పోనీ ఒకటి. నాలుగు సాగదు. నేను నీ కూతుర్నే, నాకూ తెలుసు. అతను బిగించిన దాంతో మొదటి గేమ్ ఆడాను. కొట్టినవన్నీ గీత లోపలే పడ్డాయి. ఏడాదిగా పడనివి! పది పాయింట్లు నా చేయి నాకు తిరిగొచ్చినట్టు ఆడాను. తర్వాత..." ఆమె ఆపేసింది. తర్వాత ఏమైందో చెబితే తన గుట్టు కూడా బయటపడుతుంది.

"తర్వాత భుజం లేవలేదు" అంది అమ్మ.

గుమ్మంలో నాన్న రెండో బూటు లేసు కట్టడం మానేసి తలెత్తి చూశాడు.

"నీకెలా తెలుసు?" అంది పొడుగు.

అమ్మ లేచి అలమర పైఅర నుంచి ఒక అట్టపెట్టె దించింది. అందులో కత్తిరించిన పాత గట్ వలలు, ఒక్కోదానికి తారీకు రాసిన కాగితం ముక్క కట్టి ఉంది. ఒకటి తీసి కూతురి ముందు పరిచింది.

"ఇది రెండేళ్ళ కిందటిది. నడిమధ్యకి వేలెడు పైన అరిగింది చూడు. నువ్వెప్పుడూ అక్కడే కొట్టేదానివి. చేయి నిటారుగా పైకి లేచి కొట్టిన దెబ్బ." ఇంకొకటి పరిచింది. "ఇది పోయినేడాది. అంచు పక్కన తెగింది. దాని తర్వాతది కూడా అంతే. చేయి పూర్తిగా లేవకముందే షటిల్ కిందకి వచ్చేస్తోంది, నువ్వు ఎలాగో అందుకుంటున్నావు. అప్పటి నుంచి నిన్ను గమనించాను. దండెం మీద బట్టలు ఎడం చేత్తో ఆరేస్తున్నావు. జడ వేసుకోవడం మానేసి జుట్టు కత్తిరించుకున్నావు. వేడిగా ఉందని చెప్పావు. నేను నమ్మినట్టు ఊరుకున్నా."

పొడుగు ఆ తెగిన వలని వేళ్ళతో తడిమింది. పద్నాలుగు నెలల కిందట తనొక్కతే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. భుజం లోపలి కండరం కొంత చిరిగింది, ఆరు నెలలు రాకెట్ ముట్టొద్దు అన్నాడాయన. ముట్టకపోతే చోటు పోతుంది. ఇంజక్షన్లు చేయించుకుని ఆడింది. కోచ్‌కి చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, తొమ్మిదేళ్ళుగా పక్కన ఆడుతున్న బుడ్డికీ చెప్పలేదు.

"అందుకని వదులు చేశావా?"

"ఒక్కసారే చేయలేదు. చేస్తే నీకు తెలిసిపోతుంది. నెలకి అరపౌండు చొప్పున తగ్గించుకుంటూ వచ్చా. వదులుగా ఉంటే షటిల్ దానంతటదే దూరం పోతుంది, చేయి అంతగా విసరక్కర్లేదు. నీకు కాస్త తేలికవుతుందని..."

"తేలికా! కొట్టిన ప్రతిదీ అవుట్ అవుతుంటే తేలికా? నేనేమైపోయాననుకున్నావు? అద్దం ముందు నిలబడి నీకు వయసైపోయిందే అని నన్ను నేనే తిట్టుకున్నా. అవుట్ పడ్డ ప్రతిసారీ నా కళ్ళు పోయాయేమో, నా బుర్ర చెడిందేమో అనుకున్నా. నువ్వేమో ఇక్కడ టీవీ ముందు కూర్చుని నాన్నకి స్కోరు చెబుతున్నావు!"

"చూస్తూనే ఉన్నా" అంది అమ్మ. "అవుట్ అయినప్పుడల్లా అది నేనే పోగొట్టిన పాయింటని నాకు తెలుసు. మళ్ళీ బిగిద్దామని ఎన్నిసార్లు మిషను ముందు కూర్చున్నానో. బిగిస్తే నీ భుజం పోతుంది, బిగించకపోతే నీ ఆట పోతుంది. నాకు ఆట కనపడలేదే. నా కళ్ళకి నీ భుజమే కనపడింది."

"నన్నడగాలిగా! ఆట నాది, చేయి నాది!"

"నువ్వు చెప్పావా నాకు? కన్నతల్లిని, ఎదురుగా ఉన్నాను. ఒక్కసారైనా అమ్మా నొప్పి అన్నావా?"

"చెబితే ఆపేయమంటావు."

"అవును, అంటాను! అడిగితే నువ్వు కాదంటావని నేనూ అడగలేదు. సరిపోయిందా?"

ఇద్దరి గొంతులూ వీధిలోకి వినపడుతున్నాయి. కిటికీ దగ్గర రాకెట్ పట్టుకుని నిలబడిన పెద్దమనిషి మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"నీ వల్ల నేను బుడ్డిని పోగొట్టుకున్నా, తెలుసా?" అంది పొడుగు. అంటూనే ఏడ్చేసింది.

అమ్మ ముఖం పాలిపోయింది. కానీ ఆవిడ కూడా మాట పడే మనిషి కాదు. "నా గట్ వల్ల నీ షటిల్ అవుట్ అయింది. ఒప్పుకుంటాను. బుడ్డిని అంతమందిలో అంత మాట అనమని నా గట్ చెప్పలేదు. అది నీ నోరు."

నాన్న లేచి వచ్చి, రెండో బూటు లేసు వేలాడుతుండగానే, ఇద్దరి మధ్య ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆయన ఆ ఇంట్లో ఎక్కువగా వేళాకోళానికే నోరు తెరుస్తాడు. ఇప్పుడు అలా లేదు ఆయన ముఖం.

"లిఫ్ట్ మధ్యలో ఆగిపోయిందని ఫోన్ వస్తే నేనేం చేస్తానో తెలుసా? ఎవరి తప్పని వెతకను. ముందు లోపల ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీస్తాను. మీరిద్దరూ అరగంట నుంచి ఎవరి తప్పో తేలుస్తున్నారు. లోపల ఇరుక్కుపోయింది ఆ పిల్ల. నాలుగు నెలలైంది."

"ఇప్పుడు నన్నేం చేయమంటారు నాన్నా? కోచ్ సార్‌కి నిజం చెబితే నా పేరు కొట్టేస్తారు. ఇదే నాకు ఆఖరి చాంపియన్‌షిప్. ఇంకో నాలుగేళ్ళకి నేనెవరికి గుర్తుంటాను?"

"నేనేమీ చేయమనడం లేదమ్మా. పేర్లు ఐదింటికి పోతాయన్నావు. ఇప్పుడు ఎనిమిదైంది. అంతే చెబుతున్నా."

పొడుగు గడియారం వంక చూసింది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. పదకొండింటికి బయటికి వచ్చి, అమ్మ వైపు చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బుడ్డి ఇప్పుడు ఊరి అవతలివైపు, ఈతకొలను పక్కనున్న చిన్న హాల్లో పిల్లలకి ఆట నేర్పుతోంది. రెండే కోర్టులు. పైకప్పు అంత ఎత్తులో లేదు, కాస్త పైకి కొడితే షటిల్ దూలానికి తగులుతుంది. పక్కనుంచి క్లోరిన్ వాసన. పొడుగు వెళ్ళేసరికి బుడ్డి నేలంతా చెదిరిన షటిల్స్ ఏరి బుట్టలో వేస్తోంది. ప్రపంచంలో పద్నాలుగో స్థానం మనిషి. పొడుగుకి అడుగు ముందుకి పడలేదు.

బుడ్డి తలెత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు.

"క్లాసు ఒంటిగంటకి మళ్ళీ ఉంది. ఏదైనా ఉంటే తొందరగా చెప్పు."

పొడుగు చెప్పింది. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. భుజం సంగతి, ఇంజక్షన్ల సంగతి, అమ్మ చేసిన పని, నాలుగు పౌండ్లు, అన్నీ వెనకా ముందూ కలిపేసి చెప్పేసింది. "నువ్వు నా కోర్టులోకి రావడం వల్ల కాదు బుడ్డీ. నా షటిల్ అవుట్ అవడానికి నువ్వు కారణం కాదు. నేనే అబద్ధాలకోరుని. అంతమందిలో నిన్ను..."

"భుజం సంగతి నాకు తెలుసు."

పొడుగు కాళ్ళ దగ్గరున్న షటిల్ ఏరబోయి ఆగి తలెత్తింది.

"తొమ్మిదేళ్ళు నీకు ముందు నిలబడ్డాను" అంది బుడ్డి, షటిల్స్ ఏరుతూనే. "ఆడేటప్పుడు నేను నిన్ను చూడను. నెట్ వంకే చూస్తాను. నా వెనక నువ్వున్నావని నాకు తెలిసేది చప్పుడుతోనే. నీ స్మాష్ చప్పుడు మారిపోయింది. మొదట పెళుసుగా ఉండేది, తర్వాత మెత్తబడింది. చేయి ఆలస్యంగా లేస్తోందని అర్థమైంది. గట్ వదులైందని మాత్రం నాకూ తట్టలేదు, భుజమొక్కటే అనుకున్నా. నీ తల మీదుగా వచ్చేవి నువ్వు కొట్టాల్సి వస్తే నొప్పి కదా. అందుకని రెండడుగులు వెనక్కి వచ్చి అవి నేను తీసుకున్నా."

"నా కోసమా?"

"మరెవరి కోసం? నెట్ ఖాళీ వదిలేసి వస్తే అక్కడ పాయింట్లు పోతాయని నాకు తెలియదా?"

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదే? ఆ ఒక్క ముక్క చెబితే నేను నోరు మూసుకునేదాన్ని."

"సార్ పక్కనే నిలబడి ఉంటే చెప్పనా? చెబితే నీ చోటు ఉండేదా? నువ్వే వచ్చి చెబుతావని చూశా. వారం చూశా. నెల చూశా." బుడ్డి బుట్ట కింద పెట్టింది. "నేనేదో గొప్పదాన్నని అనుకోకు. నువ్వు మొదటి రౌండ్లో ఓడిపోయావని తెలిసిన రోజు సంతోషపడ్డాను. బాగా అయిందనుకున్నా. తర్వాత నామీద నాకే సిగ్గేసింది. నాకు చాలా కోపంగా ఉంది నీ మీద. ఇప్పటికీ ఉంది."

పొడుగు అక్కడే, ఆ చెక్కనేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. ఓడిపోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. తనని కాపాడాలని ఇంట్లో ఒకరు, కోర్టులో ఒకరు మాటామంతీ లేకుండా అంత పనీ చేస్తుంటే, తను ఆ ఇద్దరి దగ్గరా నటిస్తూ వచ్చింది. నొప్పి ఉందని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆరు నెలలు పోయేవి. ఇప్పుడు ఏడాదీ పోయింది, స్నేహమూ పోయింది.

బుడ్డి ఓదార్చలేదు. వచ్చి పక్కన మాత్రం కూర్చుంది.

పొడుగు కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసి కోచ్‌కి చేసింది. బుడ్డికి వినపడేలా స్పీకర్ పెట్టింది.

"సార్, పేర్లు పంపేశారా?"

"ఇంకా లేదు. ఏం?"

"నా పేరు తీసేయండి సార్. నాకు భుజం చిరిగింది. పద్నాలుగు నెలలైంది. ఇంజక్షన్లతో ఆడుతున్నా. బుడ్డి మీద నేను చెప్పింది అబద్ధం. నా చేయి లేవడం లేదని తెలిసి నా షటిల్స్ తను తీసుకుంది. అందుకే వెనక్కి వచ్చేది."

అవతల కాగితాలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"పద్నాలుగు నెలలా!" అన్నాడు చివరికి. ఆయన గొంతులో కోపం కంటే నీరసమే ఎక్కువగా వినపడింది. "నేను రోజూ నిన్ను చూస్తున్నాను. నేనేం కోచ్‌ని? సరే. పేరు తీసేస్తున్నా. ఆపరేషన్ అయ్యాక నీ చోటు నీకుంటుందని మాత్రం నేను మాట ఇవ్వలేనమ్మా. అది తెలిసే అడుగుతున్నావా?"

"తెలుసు సార్."

ఆ రెండు మాటలు అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న బుడ్డికి తెలిసింది.

"ఆ పిల్ల నెంబరు నా దగ్గరుంది. ఏ మొహం పెట్టుకుని చేయాలో తెలియడం లేదు" అన్నాడు కోచ్.

"నేనిక్కడే ఉన్నాను సార్" అంది బుడ్డి.

ఆయన తడబడ్డాడు. క్షమించమని అడిగాడు, పెద్దవాళ్ళు అడిగినట్టు కాకుండా సూటిగానే అడిగాడు. జాబితాలో పొడుగు చోట ఆమె పేరు వేస్తానని, కొత్త పిల్లతో కలిసి ఆడమని, రేపు ఉదయం క్యాంపుకి రమ్మని అన్నాడు. బుడ్డి వెంటనే సరేననలేదు. "ఒంటిగంట క్లాసయ్యాక చెబుతాను సార్" అంది. పిల్లలు వచ్చారు. గంటసేపు వాళ్ళకి సర్వీసులు నేర్పించింది. పొడుగు గోడవార కూర్చుని చూసింది. క్లాసయ్యాక బుడ్డి కోచ్‌కి వస్తున్నానని చెప్పి, మూల ఉన్న తన కిట్ బ్యాగు తీసి దులిపింది.

"పద" అంది. "పిన్ని ఇంట్లోనే ఉందా?"

ఇంటికి వచ్చేసరికి నాలుగు దాటింది. వీధి కిటికీ మూసి ఉంది. మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. అమ్మ వంటింట్లో, గిన్నెలన్నీ కడిగేశాక మళ్ళీ అవే కడుగుతోంది.

"పిన్నీ" అని పిలిచింది బుడ్డి.

నీళ్ళ చప్పుడు ఆగింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, బుడ్డిని చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముఖం ఎత్తలేకపోయింది.

"నీకు అన్యాయం చేశాను తల్లీ. నా పిల్ల చేయి కాపాడుకుంటున్నా అనుకున్నా. కోర్టులో నీ బతుకు కూడా ఉందని ఒక్కరోజైనా నాకు తోచలేదు. ఇంతమందికి గట్టింగ్ చేశాను, పక్కన ఇంకో మనిషి నిలబడి ఉంటుందని... నన్ను క్షమిస్తావో లేదో గానీ, నేనిక ఆ మిషను ముట్టను."

"ముట్టకపోతే ఎలా?" అంది బుడ్డి. బ్యాగులోంచి మూడు రాకెట్లు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. "రేపు పొద్దున్న క్యాంపు. నాలుగు నెలలుగా ఇవి ఎవరికీ ఇవ్వలేదు. ఇరవై అయిదున్నర పౌండ్లు. నా మణికట్టు వంక చూడకు, నేను చెప్పినంతే."

అమ్మ ఆ రాకెట్లని గుండెకి హత్తుకుంది. నవ్వబోయి ఏడ్చింది. "నువ్వే పక్కన నిలబడి మిషను ముల్లు చూసుకో అమ్మా. నా మాట నమ్మొద్దు."

"అక్కర్లేదు. నాకు ఆకలేస్తోంది, అన్నం ఉందా?"

ఉంది. బుడ్డి ఎవరూ చూపించకుండానే వంటింట్లోకి వెళ్ళి, తన కంచం తనే తీసుకుంది.

అమ్మ దుప్పటి తీసి మిషను ముందు కూర్చుంది. మొదటి రాకెట్‌ని మిషనుకి బిగించి, ముల్లు ఇరవై అయిదున్నర దగ్గర నిలిపి, చాలాసేపు దానివంకే చూసింది. పొడుగు వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. పొద్దున్న అనుకున్న మాటలు ఇద్దరికీ గుర్తున్నాయి. ఎవరూ వాటిని ఎత్తలేదు.

"సార్‌తో చెప్పేశాను. నా పేరు తీసేశారు."

"ఊఁ."

"మళ్ళీ ఆడతానో లేదో తెలియదు."

తప్పకుండా ఆడతావని అమ్మ అందామనుకుంది గానీ, తనకి తెలియని సంగతి ఇక ఈ పిల్లకి చెప్పకూడదనిపించింది. పిడి మీద నుంచి చేయి తీసి ఊరికే కూర్చుంది.

పొడుగు తల వంచి అమ్మ మోకాలికి ఆనించింది. చిన్నప్పుడు కింద పడి మోచేయి గీరుకుని వచ్చి కూర్చున్నట్టే కూర్చుంది, ఇంత పొడుగు మనిషీ.

"అమ్మా."

"ఏం నాన్నా?"

"భుజం నొప్పెడుతోందే. చాలా నొప్పిగా ఉందే అమ్మా."

అమ్మకి ఆ సంగతి ఏడాది నుంచి తెలుసు. ఎక్కడ నొప్పో, చేయి ఎంతవరకు లేస్తుందో, ఏ వైపుకి తిప్పితే ఆగిపోతుందో అంతా తెలుసు. అయినా ఇప్పుడే మొదటిసారి విన్నట్టుగా కూతురి భుజం మీద మెల్లగా అరచెయ్యి వేసింది.

"ఎక్కడమ్మా?" అంది. "చూపించు."